నాలుగు మూరల గోడ

గోడ పొట్ట వేసింది.

మనవరాలిని బడిలో దిగబెట్టడానికి వచ్చిన మేస్త్రి వెనక దారిలోనే ఆగిపోయాడు. వాన తెరిపిచ్చి అరగంట కూడా కాలేదు. మూడో గది వెనక గోడ, కిటికీకి కుడి పక్కన, నడుమెత్తులో బయటికి ఉబికి ఉంది. ఆ ఉబ్బు రెండు వేళ్ల మందం కూడా లేదు. తెలియనివాడికి అది కనపడదు. తెలిసినవాడికి అది తప్ప ఇంకేదీ కనపడదు.

"తాతా, చెయ్యి నొప్పెడుతోంది," అంది పిల్ల.

ఎంత గట్టిగా పట్టుకున్నాడో అతనికే తెలియలేదు. వదిలేశాడు. పిల్ల సంచీ ఊపుకుంటూ ఆ గదిలోకే పోయింది. దానికి ఎనిమిదేళ్లు. ముప్పై ఎనిమిది మంది కూర్చునే ఆ గదిలో తన చోటు తనే ఎంచుకుంది. మా తాత కట్టిన గోడ అని చెప్పి, ఆ నాలుగు మూరల గోడకే వీపు ఆనించి కూర్చుంటుంది. ఇంకెవరైనా ఆ చోటుకొస్తే పోట్లాడుతుంది. మీ తాతలు కట్టిన గోడలకు మీరు ఆనుకోండి అంటుంది.

పిల్లలందరి తాతలూ కట్టారు మరి. ఆ బడి కట్టింది ఊరే.

నలభై మూడేళ్ల కిందటి మాట అది. అప్పటిదాకా పిల్లలు ధాన్యం కొట్టులో, ఎలుకల మధ్య కూర్చుని చదివేవాళ్లు. గోడలు మీరు లేపితే కప్పు మేం వేస్తాం అన్నారు పైవాళ్లు. ముప్పై ఒక్క ఇళ్లు. పునాది మీద తాడు పరిచి ఇంటికి నాలుగు మూరల చొప్పున వంతులు వేశారు. ఎవరి వంతు వాళ్లు కట్టాలి. కట్టి వదిలేయడం కాదు, బతికినన్నాళ్లూ చూసుకోవాలి. ఏటా వానలకు ముందు నిచ్చెన వేసి గోడ నెత్తిన సున్నం మెత్తాలి, పగుళ్లు పూడ్చాలి, వెల్ల వేయాలి. ఒకరి వంతు మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. వేస్తే వాళ్ల వంటింట్లోకి దూరి కుండ మూత తీసి చూసినట్టే. అందుకని ఎవరూ ఎవరి గోడలోపల ఏముందో అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నారు.

ఆ ముప్పై ఒక్క ఇళ్లలో తాపీ పట్టడం తెలిసినవాడు ఈ మేస్త్రి ఒక్కడే. అప్పుడతనికి ఇరవై ఏడేళ్లు. గోడ నిటారు చూసే తూకం గుండు తాడు చేతికి చుట్టుకుని పొద్దస్తమానం గోడల వెంట తిరిగేవాడు. గుండు వదిలి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఇదేం గోడయ్యా, కల్లు తాగి కట్టావా, గోడ తాగి నిలబడిందా అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. కట్టినవాడు తల దించుకుని ఊడదీసేవాడు. ఒకాయన చేత మూడుసార్లు ఊడదీయించాడు. తూకం మేస్త్రి అన్న పేరు అప్పుడు వచ్చిందే.

అందరి గోడలూ దిద్దేసరికి అతని వంతు మిగిలిపోయింది. కప్పు వేసేవాళ్లు రావడానికి రెండు రోజులుంది. రాతి గోడకు రెండు ముఖాలుంటాయి. లోపలి ముఖం, బయటి ముఖం. రెండింటినీ కలిపి పట్టడానికి అక్కడక్కడా అడ్డంగా పొడుగు రాళ్లు వేయాలి. నడుమ ఖాళీలో రాతి ముక్కలూ సున్నమూ కూరాలి. పొడుగు రాయి చెక్కాలంటే ఒక్కోదానికీ ఒక పూట. రాయికి కొదవ లేదు, సున్నానికీ కొదవ లేదు. చేతులే లేవు. అడిగితే ముప్పై ఇళ్లూ వచ్చేవి. అన్ని ఇళ్లనూ నవ్వులపాలు చేసిన నోటితో అడగడానికి అతనికి మనసొప్పలేదు. పొడుగు రాళ్లు మానేశాడు. నడుమ మట్టి పోశాడు.

తట్టలు అందించింది భార్య. మూడో తట్టకు ఆగింది.

"మట్టి పోస్తున్నావేంటి? ఇందులో పిల్లలు కూర్చుంటారు."

"నోరు మూసుకుని అందించు."

ఆమె అందించింది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది. బడి తెరిచిన రోజు పైనుంచి వచ్చిన ఒకాయన అన్ని గోడలూ చూసి, ఈ గోడ మీద అరచెయ్యి రాసి, గోడంటే ఇది అన్నాడు. మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వు ఆమె చూసింది.

తర్వాత ఏటా అందరికంటే ముందు అతనే నిచ్చెన ఎక్కేవాడు. అందరూ ఒక పూత మెత్తితే అతను రెండు మెత్తేవాడు. చూడండి, పనివాడంటే అలా ఉండాలి అని ఊరు చెప్పుకునేది. చుక్క నీరు లోపలికి దిగితే ఏమవుతుందో ఊరికి తెలియదు, అతనికి తెలుసు. భయం దూరం నుంచి చూస్తే పనితనంలాగే ఉంటుంది.

ఆనక బడికి కమిటీ వచ్చింది. మరమ్మతులు కమిటీవి అన్నారు. కంట్రాక్టరు వచ్చి వీధి వైపు గోడలకు రంగు వేసి పోయాడు. గోడల నెత్తిన ఏముందో చూడటానికి ఎవరూ ఎక్కలేదు. కొన్నేళ్లు మేస్త్రి ఒక్కడే ఎక్కాడు. భార్య చనిపోయిన ఏటి నుంచి ఎక్కడం మానేశాడు. మోకాళ్లు బాగోలేవన్నాడు. ఇప్పుడది కమిటీ పని అని కూడా అనుకున్నాడు. ఆ మాట అతనికి హాయిగా ఉండేది. ఆరేళ్లు ఆ హాయిలోనే బతికాడు.

ఆ మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు లేచిన వేళ గదిలోకి వెళ్లాడు. కిటికీ మూల నుంచి దూలం కిందికి ఒక పగులు పాకి ఉంది. కప్పు మోసే దూలం కొస అతని వంతు మీదే ఆని ఉంది. ఇంట్లోంచి తెచ్చిన పిండి జిగురుతో పగులుకు అడ్డంగా రెండు కాగితం ముక్కలు అంటించాడు. పగులు పాతదై ఊరుకుంటే కాగితం అలాగే ఉంటుంది. కదులుతుంటే చిరుగుతుంది.

పొద్దున్నే వెళ్లి చూశాడు. పై కాగితం నిలువునా చిరిగింది. కింది దాంట్లో ఒక పోగు మిగిలి ఉంది. చూస్తుండగానే అదీ తెగింది. చప్పుడు లేదు.

పెద్ద టీచరు దగ్గరికి పోయాడు. రెండేళ్ల కిందట బదిలీ మీద వచ్చిన మనిషి, చెడ్డది కాదు. మూడుసార్లు పైకి రాసిన ఉత్తరాల నకళ్లు తీసి చూపించింది. ఇంజనీరు వానలు తగ్గాక వస్తానన్నాడట. రెండో గది నిండా విరిగిన బల్లలున్నాయని, వరండాలోకి జల్లు కొడుతోందని, పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టనని అడిగింది. ఇంజనీరు రాసిస్తే ఈ క్షణాన మూసేస్తాను, మీరు చెప్పారని మూస్తే రేపు సంజాయిషీ నన్నడుగుతారు అంది. కమిటీ ప్రెసిడెంటును కలవమంది.

ప్రెసిడెంటుకు కోత మిల్లు ఉంది. మిల్లాయన అంటారు. మూడుసార్లు గోడ ఊడదీసినాయన కొడుకు. రంపం ఆపించి, మేస్త్రి చెప్పింది విని, పనివాళ్ల వైపు తిరిగి నవ్వాడు.

"బాబాయ్, మా నాన్న గోడ పడుతుందని చెప్పు, నమ్ముతాను. నీ గోడ పడటమేంటి? ఊరంతా కొట్టుకుపోయినా నీ నాలుగు మూరలూ నిలబడి మమ్మల్ని వెక్కిరిస్తాయి."

పనివాళ్లూ నవ్వారు. అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. వాన నీళ్లు దిగాయి అబ్బాయ్ అని మాత్రం అన్నాడు. అది నిజమే. సగం నిజం. సగం నిజానికి ఎవరూ కదలరు.

గ్రూపులో పెడతానులే అన్నాడు మిల్లాయన. పెట్టాడు కూడా. సాయంత్రం కోడలు ఫోను తెచ్చి మామగారికి చూపించింది. బడి పిల్లల తల్లిదండ్రులు నలభై మంది దాకా ఉన్న గ్రూపు అది. అందరం కలిసికట్టుగా చూసుకుందాం అని ఒకరు రాశారు. బడి మనందరిదీ అని ఇంకొకరు. ఇంతకీ కొత్త బట్టలు ఎప్పుడిస్తారు అని ఒకావిడ. మిగతావాళ్లు బొటనవేళ్లు పెట్టారు. కోడలు లెక్కపెట్టి పదిహేడు అంది. పదిహేడు వేళ్లు లేచాయి, కాలు ఒక్కటీ లేవలేదు అన్నాడు మేస్త్రి. అని, తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

ఆ రాత్రంతా వాన కురుస్తూనే ఉంది.

పొద్దున్న కోడలు పిల్లకు జడ వేస్తోంది. పిల్ల పాఠం వల్లెవేస్తోంది. ఇవాళ చదివి వినిపించాలట.

"దాన్ని ఇవాళ పంపకమ్మా," అన్నాడు.

"ఎందుకు? ఆ గోడా?"

"ఊఁ."

కోడలి చేతులు ఆగాయి. ఆమె కుట్టు మిషను మీద పనిచేసే మనిషి, ఎక్కువ మాట్లాడదు.

"మన పిల్ల ఒక్కతేనా మావయ్యా?"

అతను తల తిప్పుకున్నాడు. నిజంగా పడేదైతే అందరికీ వినపడేలా చెప్పాలని, కాకపోతే పిల్లను బడి మాన్పించడం దేనికని అంది. జడ ముడివేసింది. పిల్ల పక్కింటి పిల్లలతో గొడుగు కింద దూరి వెళ్లిపోయింది.

అతను అరుగు మీద కూర్చున్నాడు. తన మనవరాలు ఒక్కతీ ఇంట్లో ఉంటే మిగతా ముప్పై ఏడుమందిని ఆ కప్పు కింద వదిలి అన్నం తినగలిగేవాడా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. తినేవాడే. నలభై మూడేళ్లు తిన్నాడు. ఆ సంగతి తట్టగానే ఇక కూర్చోలేకపోయాడు. లేచి, చావడి మూల నుంచి గునపం తీసుకుని బయల్దేరాడు.

బడి అల్లంత దూరమే. ఆ పొద్దు తెగని దారి అయింది. బురదలో కాలు జారుతోంది, మోకాలు ముడుచుకోవడం లేదు. మలుపు దగ్గర లారీ ఒకటి కంకర దింపింది. దభీమని చప్పుడైంది. అతను అక్కడే కూలబడ్డాడు. చెవులు రిక్కించాడు. అరుపులు వినపడలేదు. బడి వైపు నుంచి పిల్లలు ఒక్క గొంతుతో పాఠం చదవడం వినిపించింది. లారీవాడు దిగి, ఏం తాతా పడ్డావా అని చెయ్యి అందించాడు. చెయ్యి పట్టుకుని లేచి నడిచాడు.

గోడ పొట్ట బెత్తెడైంది. దాని మీద పూత పెచ్చు ఒకటి ఊడిపడి ఉంది. రాళ్ల సందులోంచి తడి మట్టి సన్నటి దారంలా జారుతోంది. గోడ కింద పిడికెడు మట్టి కుప్ప పడి ఉంది. నల్లగా, మెత్తగా, నలభై మూడేళ్ల కిందట తట్టలోంచి పడిన మట్టే.

అతను గదిలోకి వెళ్లాడు. పెద్ద టీచరే పాఠం చెబుతోంది. మనవరాలు తన చోట్లో, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. తాత చేతిలో గునపం చూసి పిల్లలు గుసగుసలాడారు.

"అమ్మా, పిల్లల్ని బయటికి పంపించండి."

టీచరు పుస్తకం మూసింది. మేస్త్రిగారూ, నిన్ననే మాట్లాడుకున్నాం కదా అంది.

"లోపలి మట్టి నానిపోయింది. గోడ రెండుగా విడిపోతోంది. ఎంతో సేపు ఆగదు."

"మట్టేంటి? ఇది రాయీ సున్నమూ అని రికార్డులో ఉంది. లోపల మట్టి ఉందని మీకెలా తెలుసు?"

మనవరాలు అతని వైపే చూస్తోంది. మా తాతకు గోడల సంగతి తెలియనిదేముంది అన్నట్టు గడ్డం పైకెత్తి చూస్తోంది. ఆ చూపు ఇంకొక్క క్షణమే తనదని అతనికి తెలుసు.

"పోసింది నేనే," అన్నాడు. "కట్టింది నేనే కదా. సున్నం వెయ్యలేదు. మట్టి పోసి పైన పూత పూశాను. తెలిసే చేశాను."

పెద్ద టీచరు అతని ముఖంలోకి చూసింది. ఇంజనీరు మాట ఎత్తలేదు. పుస్తకాలు వదిలేసి లేవండి అని పిల్లలతో మామూలు గొంతుతో చెప్పింది. ఆ గొంతు మామూలుగా ఉంచడానికి ఆమె ఎంత కష్టపడుతోందో పుస్తకం పట్టుకున్న వేళ్లలో తెలిసింది. పరిగెత్తవద్దని, కాలు నేలకు కొట్టవద్దని మేస్త్రి చెప్పాడు. ముప్పై ఏడుమంది పిల్లలు మునివేళ్ల మీద నడిచారు. సగం గది ఖాళీ అయ్యాక ఒకడు తుమ్మాడు. అందరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయి కప్పు వైపు చూశారు. దూలం మీద నుంచి కాస్త సున్నం రాలింది. మళ్లీ నడిచారు.

ఒకతె లేవలేదు.

"అబద్ధం," అంది మనవరాలు. వీపు ఇంకా గట్టిగా గోడకు ఆనించింది. "నువ్వు కట్టింది పడదు."

అతను దాని దగ్గరికి వెళ్లాడు. తల పక్కనే గోడ. రాయి మీద రాయి ఒరుసుకునే చప్పుడు, పళ్లు కొరికినట్టు, అతనికి వినిపిస్తోంది. లాగితే పెనుగులాడుతుంది. దాని కాలో చెయ్యో గోడకు తగులుతుంది. ముట్టుకోవడానికి భయపడ్డాడు.

"అబద్ధం కదా తాతా?"

"నిజమే. లే."

పిల్ల అతని ముఖం చూసింది. ఏం కనపడిందో, మారుమాట లేకుండా లేచింది. చెప్పులు వదిలేసి, అతన్ని తాకకుండా పక్కనుంచి బయటికి పోయింది.

కబురు పాకింది. అరగంటలో తల్లిదండ్రులు పాతికమంది దాకా వచ్చారు. మిల్లాయన వచ్చాడు. వాన తగ్గి వెలుతురొచ్చింది. గోడ నిలబడే ఉంది.

నిలబడి ఉండటమే అతన్ని ఎక్కువ భయపెట్టింది. జనం ముఖాలు తేలిక పడుతున్నాయి. చూశారా, ఏమీ కాలేదు అన్నాడు మిల్లాయన. పిన్ని పోయిన దగ్గర్నుంచి బాబాయికి మతి నిలకడగా లేదు పాపం అని ఎవరో అన్నారు. పిల్లలు తడుస్తున్నారు, లోపలికి పంపండి అని ఒక తల్లి కేకేసింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు గుమ్మం వైపు కదిలారు కూడా. పెద్ద టీచరు చేతులు చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె ఎంతసేపు ఆపగలదు?

మేస్త్రి గోడ వెనక్కి నడిచాడు. అందరూ దూరం జరగండి అన్నాడు. మిల్లాయన వచ్చి గునపం పట్టుకున్నాడు. బడి గోడ పగలగొడితే కేసవుతుంది బాబాయ్ అన్నాడు.

"పెట్టు. ముందు వదులు."

వదిలాడు. రాళ్లు మీద పడకుండా మేస్త్రి తన వంతు దాటి, పక్క వంతు ముందు నిలబడి, పొట్ట కింద రాళ్ల సందులో గునపం మొన పెట్టాడు. ఒక్కసారి ఎత్తాడు. ఒక రాయి ఊడింది. మోకాలు సహకరించక, వెనక్కి గెంతబోయి బురదలో పడ్డాడు. గోనె చిరిగినట్టు మట్టి బయటికి కారింది. ఆ తర్వాత బయటి ముఖం మొత్తం నాలుగు మూరలూ కూర్చున్నట్టు కిందికి దిగిపోయింది. లోపలి ముఖం గదిలోకి విరుచుకుపడింది. దూలం కొస జారింది. కప్పు రేకులు కీచుమన్నాయి. చప్పుడు చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది.

దూలం పిల్ల కూర్చునే చోటు మీదుగా అడ్డంగా పడింది. గోడా కిటికీ కూలిపోవడంతో అది అందరికీ కనపడింది.

తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుని తలలు తడిమి చూసుకుంటున్నారు. మేస్త్రిని లేపడానికి ఎవరూ రాలేదు. తనే లేచాడు.

"బాబాయ్," అన్నాడు మిల్లాయన. గొంతు తగ్గింది. "మిగతా గోడలు?"

"నా వంతు సంగతే నాకు తెలుసు."

"అన్నింటికీ తూకం చూసింది నువ్వే కదా."

"తూకం పైన చూశాను. లోపల ఎవరు చూశారు?"

ఆ మాట అందరికీ వినపడింది. జనం బడి వైపు తిరిగి, ఇన్నాళ్లూ చూడనట్టు చూశారు. ముప్పై వంతులు మిగిలాయి. ఏది ఎవరి వంతో అందరికీ తెలుసు. కట్టినవాళ్లలో నలుగురో అయిదుగురో బతికున్నారు. ఒకతను వెళ్లి తన తండ్రి వంతు మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. మా అయ్య అలాంటివాడు కాదు అన్నాడు. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. పెద్ద టీచరు ఎవరూ చెప్పకుండానే మిగతా గదుల పిల్లల్ని కూడా బయటికి తెచ్చేసింది.

మిల్లాయన ఫోను తీశాడు. ఈసారి గ్రూపులో ఏమీ పెట్టలేదు. మిల్లుకు ఫోను చేసి, ఉన్న గునపాలన్నీ, కప్పుకు ఊతంగా నిలబెట్టడానికి నాలుగు దుంగలూ పట్టుకురమ్మన్నాడు. మా నాన్న వంతు నుంచే విప్పి చూడటం మొదలుపెడదాం అన్నాడు. అన్నాడు గానీ ఆ గోడ వైపు చూడటం లేదు. నువ్వు కూడా ఉండు బాబాయ్ అని మేస్త్రితో అన్నాడు. అందులో గౌరవం లేదు. క్షమించడమూ లేదు. పని తెలిసినవాడు కావాలి, అంతే. మేస్త్రికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. పిల్లను ఇంట్లో వదిలి వస్తానన్నాడు.

పిల్ల కొళాయి దగ్గర చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. పిలిస్తే వచ్చింది. దారి పొడుగునా నాలుగడుగులు వెనకే నడిచింది. వాన మళ్లీ మొదలైంది. ఇంటి ముందుకొచ్చాక అతను తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.

అది వాకిట్లోనే నిలబడింది.

"ఈ ఇల్లు కూడా నువ్వే కట్టావా?"

"ఊఁ."

"లోపలేం పోశావు?"

"రాయీ సున్నమూ."

"నిజంగా?"

"నిజంగా," అన్నాడు. అది నిజమే. పొడుగు రాళ్లు తనే చెక్కాడు, సున్నం ఒక్కో దోసిలీ తనే కూరాడు. మట్టి చిటికెడు లేదు.

పిల్ల గోడ వైపు చూసింది, కప్పు వైపు చూసింది. వానలో తడుస్తూ, చూరు కింద నుంచి కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.